గౌతమికి ఆవలి ఒడ్డున ఫ్రాన్సు

కోనసీమకు ఈశాన్యపు అంచున, ఎదుర్లంక రేవున నిలిచి చూచినచో గౌతమి ఆవలి గట్టు స్పష్టముగా కంటికి ఆనును. అచ్చటను ఈ కొబ్బరితోటలే, ఈ తెలుగే. ఈ రేవున పడవ యెక్కి ఆ రేవున దిగిన మనుష్యుడు మాట మార్చుకొన నక్కరలేదు, భోజనము మార్చుకొన నక్కరలేదు. అయినను 1954 వరకు ఆ పడవ ప్రయాణము ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుటయే. ఆవలి గట్టు యానాం. దాని వైశాల్యము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. దాని గవర్నరు ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున పుదుచ్చేరిలో ఉండెడివాడు. ఆ గవర్నరునకు యజమాని పారిస్ నగరములో ఉండెడివాడు.

ఫ్రెంచివారు 1723లో అచ్చట వర్తకపు కోఠీ పెట్టిరి. లాభము కనబడక నాలుగేండ్లకే విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. తరువాతి యుద్ధములలో ఆంగ్లేయులు దానిని పలుమారులు పట్టుకొనిరి, పలుమారులు తిరిగి యిచ్చిరి. నెపోలియను పతనమైన పిమ్మట 1814లో జరిగిన సంధిలో ఒక షరతు కలదు. ఇండియాలోని స్థావరములలో ఫ్రాన్సు కోటలు కట్టరాదు. శాంతిభద్రతలకు చాలినంత కంటె ఎక్కువ సైన్యము ఉంచరాదు. జెండా ఎగురవేయవచ్చును గాని దానిని కాపాడుకొనరాదు! అట్టి అధికారమును సార్వభౌమత్వ మనుట మర్యాదకు మాత్రమే. ఆ మర్యాద మాత్రము నూట నలువదేండ్లు సాగినది.

కోనసీమలోని పెద్దకుటుంబములకు ఈ పొరుగు ప్రభుత్వముతో నిజమైన పని పడినది 1930లో. శారదా చట్టము అంతకు ముందటి సంవత్సరము ఆమోదము పొంది ఆ యేడు ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చెను. పదునాలుగేండ్లు నిండని బాలికకును, పదునెనిమిదేండ్లు నిండని బాలునకును వివాహము చేయుట నేరమయ్యెను. ఫ్రెంచి నేలమీద ఆ చట్టము చెల్లదు. స్థానికుల వివాహాచారములలో ఫ్రెంచివారు తల దూర్చరు. ఇంకేమి? సన్నాయివారితో, పురోహితునితో, బంధుకోటితో పెండ్లివారు యానాం తరలిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. సంస్కర్తలు గట్టున నిలిచి చూడవలసినదే. తెల్లదొర చట్టమును తప్పించుకొనుటకు మరియొక తెల్లదొర నీడ పట్టిన ఈ యుపాయమును గూర్చి మనవారు ముచ్చటగా చెప్పుకొందురు గాని, పీటల మీద కూర్చుండబెట్టిన ఆ పసిపిల్లలను తలచుకొన్నచో ముచ్చటపడుటకు మనసొప్పదు. పరాయి సార్వభౌమత్వము కోనసీమకు చేసిన మేలిదియే యనినచో, అది మేలు కాదు.

మరియొక విషయము కలదు. దానిని తక్కువగా చెప్పుకొందురు. 1871నుండి ఫ్రెంచి ఇండియా ప్రజలకు ఓటు కలదు. పారిస్‌లోని శాసనసభకు వారు ఒక ప్రతినిధిని పంపెడివారు. 1880లో యానాం పురపాలక సంఘముగల కొమ్యూన్ అయ్యెను. ఆ కాలమున ఈవలి గట్టు రైతునకు కలెక్టరుగారి దర్శనమే దుర్లభము. ఆ ఎన్నికలలో జరిగిన అక్రమములు సామాన్యమైనవి కావు. అయినను ఓటు ఓటే. యానాం ప్రజలకు స్వేచ్ఛ యను మాట కొత్తగా ఎవరును నేర్పవలసిన అవసరము లేకపోయినది. 1947లో ఆంగ్లేయులు వెడలిపోయిన పిమ్మట వారికి కలిగిన సందేహమొక్కటే: ఈ ఓటుతో తామే దేశమున నుండవలెనో నిర్ణయించుకొనవచ్చునా?

ఈ సందేహమునకు ఫ్రెంచి రాజ్యాంగమే సమాధానము చెప్పినది. 1946 రాజ్యాంగపు 27వ అధికరణము ప్రకారము, సంబంధించిన ప్రజల సమ్మతి లేనిదే ఏ భూభాగమును వదలుకొనుటకు వీలులేదు. 1948 జూన్‌లో ఇరు ప్రభుత్వములును ప్రజాభిప్రాయ సేకరణకు అంగీకరించినవి. 1949 జూన్‌లో చంద్రనగరు ప్రజలు అత్యధిక సంఖ్యతో భారతదేశమును కోరుకొనిరి. పిమ్మట మిగిలిన నాలుగు స్థావరములలో సేకరణ ఆగిపోయినది. ఎన్నికలు నిష్పక్షపాతముగా జరుగవని భారత ప్రభుత్వము వాదించినది.

ఆ జాప్యమును యానాం సహింపలేదు. దడాల రఫేల్ రమణయ్య యానాంలో పుట్టినవాడు. ఫ్రెంచి పోలీసుశాఖలో ఉద్యోగము చేసినవాడు. 1954 జూన్ 13, ఆదివారమునాడు ఆయన నాయకత్వమున ఉద్యమకారులు భారత భూభాగమునుండి యానాంలో ప్రవేశించి, పరిపాలకుని కార్యాలయమును స్వాధీనము చేసికొని భారతపతాకము నెగురవేసిరి. అంతకు ఎనిమిది నెలల ముందే, 1953 అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్ర మేర్పడి యుండెను. గౌతమి రెండు గట్టులును ఇక ఒక్కటే యని ఈవలివారు తలచిరి.

వారు తలచిన తీరున జరుగలేదు. ఎందువలన జరుగలేదో తెలియుటకు గోదావరి తీరమును కొంతసేపు విడిచి పెద్ద ప్రపంచమును చూడవలసియున్నది. 1954 మే 7న వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూ కోట ఫ్రెంచివారి చేజారెను. జూలైలో జెనీవా ఒప్పందములు జరిగినవి. వాని అమలును పర్యవేక్షించు సంఘములకు భారతదేశము అధ్యక్షత వహించినది. సెప్టెంబరు 8న మనీలాలో అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు, పాకిస్తాను మున్నగు ఎనిమిది దేశములు సీటో యను కూటమి కట్టినవి. ఆసియా రక్షణ పేరుతో అగ్రరాజ్యము కట్టిన ఈ కూటమిని నెహ్రూ తీవ్రముగా విమర్శించెను. అయినను ఆ కూటమిలో సభ్యురాలైన ఫ్రాన్సుతోనే ఆయన ఆరు వారములలో, అక్టోబరు 21న, ఢిల్లీలో ఒప్పందము చేసికొనెను. కూటమి వేరు, ఇంటి లెక్క వేరు. విమర్శను చర్చలకు అడ్డు రానీయకపోవుట ఆయన నేర్పు. పోర్చుగలు గోవాను వదలనని నాటో సభ్యత్వమును ఆసరా చేసికొని మొండికెత్తినది. 1961 డిసెంబరులో సైన్యము కదలవలసివచ్చెను. ఫ్రాన్సు విషయమున తుపాకుల అవసరము లేకుండ మాటలు చాలినవి.

ఆ అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపమున కీళూరులో ప్రతినిధులు ఓటు వేసిరి. 178 మందిలో 170 మంది భారతదేశమునకు అనుకూలురు, 8 మంది ప్రతికూలురు. అయితే వారు పుదుచ్చేరి, కారైకాల్ ప్రతినిధులు. జూన్‌లోనే విడివడిన యానాం ఆ లెక్కలో లేదు. నవంబరు 1న నాలుగు స్థావరముల పరిపాలనను ఫ్రెంచివారు భారతదేశమున కప్పగించిరి.

ఆ దినముననే మరియొక చోట మరియొక సంఘటన జరిగినది. అల్జీరియాలో తిరుగుబాటు ఆరంభమైనది కూడ 1954 నవంబరు 1ననే. యానాంలో ఫ్రెంచి పతాకము దిగిన దినమున అల్జీరియాలో దానికి ఎదురుగా తుపాకులు మ్రోగుట కాకతాళీయమే గాని, ఫలితము మాత్రము కాకతాళీయము కాదు. పరిపాలన చేతికి వచ్చినది, చట్టరీత్యా హక్కు రాలేదు. 1956 మే 28న నెహ్రూయు, ఫ్రెంచి రాయబారి కౌంట్ ఓస్త్రోరోగ్‌గారును ఢిల్లీలో అప్పగింత సంధిపై సంతకములు చేసిరి. కాని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదముద్ర వేయనిదే అది చెల్లదు. అల్జీరియాను వదలరాదని పట్టుబట్టియున్న సభ ముందు, ఇంకొక భూభాగమును వదలు పత్రము నుంచుటకు ఏ ప్రభుత్వమునకు ధైర్యము చాలును? ఆరేండ్లు ఆ పత్రము నిద్రించినది. 1962 మార్చి 18న ఎవియాన్‌లో సంధి కుదిరినది, జూలై 5న అల్జీరియా స్వతంత్రమైనది, ఆ నెలలోనే పారిస్ ఆమోదము లభించినది, ఆగస్టు 16న పత్రములు మారినవి. గౌతమీ తీరమున ఒక చిన్న ఊరి విధిని మధ్యధరా సముద్రపు గట్టున జరిగిన యుద్ధము ఎనిమిదేండ్లు పట్టి ఉంచినది.

ఆ సంధిలో 31 అధికరణములు కలవు. మొదటిది నాలుగు స్థావరములను పూర్ణ సార్వభౌమత్వముతో భారతదేశమున కప్పగించుచున్నది. ఆసక్తికరమైనది రెండవది. 1954 నవంబరు 1కి ముందున్న ప్రత్యేక పరిపాలనా స్థితి కొనసాగవలె ననియు, దానిని రాజ్యాంగరీత్యా మార్చుటకు ముందు ప్రజల అభిమతమును తెలిసికొనవలె ననియు అందు గలదు. కీళూరులో యానాం ఓటు వేయలేదు. ఈ వాక్యములో దానికి భాగమున్నది. ఒక పెద్ద రాజ్యము మరియొక పెద్ద రాజ్యమునకు ఊరు అప్పగించుచు, ఆ ఊరిని అడుగక దాని స్థితిని మార్చరాదని వ్రాయించుట అరుదు. కావుననే పొరుగున తెలుగు రాష్ట్రమున్నను యానాం అందులో కలియలేదు. 1963 జూలై 1న పుదుచ్చేరితో కూడి కేంద్రపాలిత ప్రాంతమయ్యెను. 1965 చట్టముచే అచ్చట తెలుగునకు అధికారభాషగా స్థానము లభించినది.

పుదుచ్చేరిని తమిళనాటిలోను, యానాంను ఆంధ్రప్రదేశ్‌లోను కలుపవలెనను ఆలోచనను 1979లో ప్రధాని మొరార్జీ దేశాయి బయటపెట్టెను. ఆ జనవరిలో పుదుచ్చేరి వీధులు అట్టుడికినవి. ఆలోచన వెనుకకు పోయినది. భాష ఒక్కటైనంత మాత్రమున ఊరును అడుగక కలుపుకొనవచ్చునను తలంపు ఢిల్లీలో పుట్టినను, పొరుగు జిల్లాలో పుట్టినను ఒక్కటే. ప్రేమతో చేసినను అది బలవంతమే.

దీనివలన యానాంకు నష్టము లేదని కాదు. లోక్‌సభలో దానికి వేరు స్థానము లేదు; పుదుచ్చేరికంతకును ఒక్కడే సభ్యుడు. పెద్ద కార్యాలయములో పని పడినచో తమిళదేశమునకు రాత్రంతయు ప్రయాణము చేయవలసినదే. ఎదుర్లంకవారికి రాజధాని అంతకంటె చాల దగ్గర. యానాంవారికి ఈ సంగతి ఇతరులు చెప్పనవసరము లేదు. అయినను ఉన్న స్థితిని మార్చుకొందుమని వారు ఇంతవరకు తీర్పు చెప్పలేదు.

అమలాపురమునుండి లోక్‌సభకు ఎన్నికై సభాపతియైన బాలయోగిగారి పేర ఎదుర్లంక, యానాంల నడుమ వంతెన 2002లో ఏర్పడినది. పడవల సందడి తగ్గినది. నవంబరు 1 యానాంకు విమోచన దినము. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన తేదీయు నదియే. నది ఒక్కటే, తేదీయు ఒక్కటే, పండుగలు మాత్రము రెండు.