కీలెరిగిన బొమ్మ

ఒక చిత్రకారుడు బడికి పోతున్న పంతులుగారి బొమ్మ గీశాడనుకొందాం. భుజాన ఉత్తరీయం, ఎడమచేత గొడుగు, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు, రొమ్మున పుస్తకం అదుముకొన్న కుడిచేయి. కాగితంమీద బొమ్మ ముచ్చటగానే ఉన్నది. కాని కంప్యూటరు తెరమీద ఆ పంతులుగారు కుడిచేయెత్తి పిల్లలను పిలవవలెనంటే చిక్కు వచ్చిపడుతుంది. చేయి లేవగానే దాని వెనుక చొక్కా ఉండవలసిన చోట శూన్యం కనబడుతుంది. అక్కడ ఎవరూ ఏమీ గీయలేదు కదా! నిశ్చలచిత్రానికి కంటికి కనబడేది చాలును. కదిలే బొమ్మకు కనబడనిది కూడా గీయవలెను.

అందుచేత ఈ విద్యలో తొలిపని బొమ్మను ముక్కలు చేయడం. తల, మొండెం, దండచేయి, ముంజేయి, అరచేయి, ఇట్లా దేనికది వేరు పొరగా గీస్తారు. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ఇక్కడ కీలెరిగి కోత పెట్టవలెను. మోచేతివద్ద దండచేతి చివర, ముంజేతి మొదలు ఒకే కొలతగల వృత్తభాగాలుగా గుండ్రంగా ఉండి, ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవలెను. వాటి కేంద్రంలోనే కీలు. వృత్తాన్ని కేంద్రంచుట్టూ ఎంత తిప్పినా ఆకారం మారదు గనుక, చేయి ఎంత వంగినా సందు పడదు. రేఖాగణితం బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం అరుదు. కేంద్రం రవ్వంత తప్పిందా, పంతులుగారి చేయి విరిగినట్టే!

తరువాత ముక్కలకు బాంధవ్యం కలపవలెను. దండచేయి కదిలితే ముంజేయి, దానివెంట అరచేయి, దానితో గొడుగు కదలవలెను. గొడుగు ఊగినంతమాత్రాన భుజం ఊగరాదు. ఈ కూర్పుకే రిగ్గింగ్ అని పేరు. ఓడ తెరచాపలకు త్రాళ్ళు బిగించే పనినుంచి వచ్చిన మాట అది.

చేయి ఎత్తించడానికి రెండు మార్గాలు. భుజం, మోచేయి, మణికట్టు ఒక్కొక్కటే తిప్పుకొంటూ రావడం ఒకటి. అరచేతినే పట్టి లాగితే, మోచేయి ఎక్కడ వంగవలెనో యంత్రమే లెక్కకట్టడం రెండవది. దీనికి ఇన్వర్స్ కైనమాటిక్స్ అని గంభీరమైన పేరు పెట్టారు గాని, తెలుగునాట ఈ కిటుకు తోలుబొమ్మలవారికి ఏనాడో తెలుసు. ఆటగాడు బొమ్మ చేతికి కట్టిన పుల్లను ఆడిస్తాడు. దారంతో వదులుగా కట్టిన మోచేయి, భుజం వాటంతటవే వెంట నడుస్తాయి. అక్కడ లెక్క చేసేది దారమూ, తోలు బరువూ. ఒడిశా రావణఛాయ బొమ్మలకు ఇట్టి కీళ్ళు లేవు. బొమ్మంతా ఒకే ముక్క. ఆంధ్రదేశపు బొమ్మకు కీళ్ళలోనే ప్రాణం. ఆ కళను నిలబెట్టిన నిమ్మలకుంట గ్రామపు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. జర్మనీలో లోట్టె రైనిగర్ కూడా నల్లని అట్టలు కత్తిరించి, తీగెలతో కీళ్ళు కట్టి, ఒక్కొక్క భంగిమే ఫొటో తీస్తూ 1926లో ప్రిన్స్ అఖ్మద్ కథను పూర్తినిడివి చలనచిత్రంగా తెచ్చింది.

నేడు బ్లెండర్, ఓపెన్‌టూన్జ్ వంటి సాధనాలు విద్యార్థులకు ఉచితంగానే దొరుకుతున్నాయి. రెండు భంగిమలిస్తే నడిమివాటిని యంత్రం నింపుతుంది. కాని ఆ నింపడంలో తొందర, బద్ధకం, సంకోచం ఉండవు. అవి మనిషి పెట్టవలసినవే.

ఇక పంతులుగారు మాట్లాడవలెను. నోటికి కొన్ని ఆకారాలు గీసి ఉంచుతారు. ఇక్కడ తెలుగు వర్ణమాల చక్కగా అక్కరకు వస్తుంది. ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు. అయిదింటికీ మూసిన పెదవుల బొమ్మ ఒకటే చాలును. కవర్గం కంఠంలో పుట్టేది గనుక దానికి వేరే నోరు అక్కరలేదు, దాని వెంటనున్న అచ్చును చూసుకొంటే సరి. ఆకారానికి తెరచిన నోరు, ఈకారానికి సాగిన పెదవులు, ఊకారానికి సున్న చుట్టినట్టు. అయితే ద్విత్వాక్షరాలవద్ద జాగ్రత్త అవసరం. ‘ఆమె’ అన్నప్పుడు పెదవులు ఇలా కలిసి అలా విడిపోతాయి. ‘అమ్మ’ అన్నప్పుడు అవి మరికొంతసేపు మూసి ఉండవలెను.