గని పేరు, రాతి గుణము

నాగారం నుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి నాయనమ్మగారి ముక్కుపుడకలోని చిన్న రాయి గోలకొండ వజ్రమని మూడు తరములుగా ఆ యింట చెప్పుకొనుచున్నారు. ఇప్పుడు ఆడపిల్ల చదువు నిమిత్తము దానిని అమ్మవలసి వచ్చినది. దుకాణమునకు తీసికొనిపోగా, వర్తకుడు భూతద్దములో చూచి, "రాయి మంచిదే. గోలకొండ రాయి అనుటకు నిదర్శన మేమున్నది?" అని అడిగినాడట. గోలకొండదైతే ఒక ధర, కాకున్న మరొక ధర. "రాతిని చూచి అది ఏ గనిలో పుట్టినదో చెప్పవచ్చునా?" అని ఆ సోదరి ప్రశ్న. ఇటువంటి ప్రశ్న ఇంకను ఎన్నో ఇండ్లలో ఉండును గనుక ఈ ప్రసంగమును దానికే వినియోగించుచున్నాము.

చోటునుబట్టి రాయి మారుట సహజమే. అందుకు దూరము పోనక్కరలేదు. నాగారం, కీసర ప్రాంతముల బండలను, గుట్టలను చూడుడు. హైదరాబాదు చుట్టుప్రక్కల గ్రానైటు ఒకచోట బూడిదరంగు, ఇంకొకచోట లేత గులాబిరంగు. రెండును సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి రాళ్ళే. పొటాషియము గల ఫెల్డ్‌స్పార్ అను ఖనిజము ఎక్కువైనచోట గులాబి ఛాయ వచ్చినది. అది తగ్గినచోట బూడిద ఛాయ మిగిలినది.

ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము పేరోజ రాయి. చార్మినారు వద్ద ఉంగరముల దుకాణములలో దీనినే ఫిరోజా అందురు. రాగి గల బండలలోనికి వాననీరు ఇంకి, అల్యూమినియము, ఫాస్ఫేటులతో కలిసి, పగుళ్ళలో మెల్లగా గడ్డకట్టగా ఈ రాయి ఏర్పడును. రాగి వలన నీలిరంగు వచ్చును. అల్యూమినియమునకు బదులు ఇనుము చేరినకొలది ఆకుపచ్చకు తిరుగును. అందుచేతనే ఇరాన్ దేశపు నిషాపూర్ గనులు నిర్మలమైన ఆకాశవర్ణమునకు పేరుపొందినవి. అమెరికా నైరుతి ప్రాంతపు రాళ్ళలో నీలము మొదలు ఆకుపచ్చ వరకు అన్ని ఛాయలు కలవు. చుట్టునున్న బండ ముక్కలు రాతిలో చిక్కుకొని నల్లని, గోధుమరంగు గీతలుగా నిలుచును. పేరోజకు గని తల్లి వంటిది. తన రంగును బిడ్డకు ఇచ్చును. అయినను ఒకే గనిలో రెండు ఛాయలు దొరకుటయు కలదు. పైగా ఈ రాయి నూనెను, చెమటను పీల్చుకొనును. నిషాపూర్ రాయి అయినను కొన్నేండ్లు వ్రేలిపై ఉన్నచో పచ్చబారవచ్చును.

ఇక వజ్రము సంగతి. మన పూర్వులు వజ్రమును కూడ ఇట్లే భావించినారు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో దేశమునుబట్టి వజ్రముల వన్నెలు చెప్పినాడు. వేణానది ఒడ్డున దొరకునది శుద్ధము, కళింగమున దొరకునది కొంచెము పసుపు, సౌరాష్ట్రమున దొరకునది కొంచెము ఎరుపు అని ఆ వివరణ. వెయ్యేండ్ల తరువాత ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మన గనులను స్వయముగా చూచినాడు. 1676లో అచ్చయిన అతని యాత్రా గ్రంథములో రెండు గనుల వర్ణన చదువదగినది.

ఒకటి నేటి కర్నూలు జిల్లాలోని రామళ్ళకోటగా పండితులు గుర్తించిన గని. అక్కడ వజ్రములు బండల నడుమ వ్రేలెడు వెడల్పునకు మించని సందులలో ఉండెడివి. పనివారు కొన వంచిన ఇనుప కడ్డీలతో ఆ సందులలోని ఇసుకను బయటికి లాగి కడిగి వెదకెడివారు. బండను పగులగొట్టుటకు గునపములతో గట్టిగా మోదుటచే లోపలి వజ్రమునకు బీటలు పడెడివని అతడు వ్రాసినాడు. అనగా ఆ గని రాళ్ళలోని దోషము కొంతవరకు గునపము పెట్టినదే.

రెండవది కృష్ణ ఒడ్డునగల కొల్లూరు. ఆ ప్రాంతపు భాషలో దానిని "గని" అందురని టావెర్నియే వ్రాసినాడు. మన తెలుగు మాటయే అతనికి ఊరి పేరైనది! అక్కడ సందులు లేవు. పది పదునాలుగు అడుగుల లోతున మట్టి త్రవ్వి, స్త్రీలు, పిల్లలు మోసికొనిరాగా, కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరిగి వెదకుటయే. అరువది వేల మంది పనిచేయుచుండిరని అతని లెక్క. పెద్ద రాళ్ళు అచ్చటనే దొరకెడివి గాని, నేల రంగు రాతికి అంటునని అతడు నమ్మినాడు. చిత్తడి నేలలో నలుపు, ఎఱ్ఱనేలలో ఎరుపు ఛాయ కలుగునని అతని వాదము.

నేటి శాస్త్రము ఈ మాటను అంగీకరించదు. వజ్రము మన పొలముల మట్టిలో పుట్టినది కాదు. భూమి లోపల 150 కిలోమీటర్లకు మించిన లోతున, మహాపీడనమున, కేవలము బొగ్గుపదార్థము స్ఫటికమైనది. దాని వన్నె అక్కడనే నిర్ణయమగును. నత్రజని చేరిన పసుపు. బోరాన్ లేశమైన చేరిన నీలము. స్ఫటికపు అమరిక ఒత్తిడికి లోనైన గులాబి. ఒక్క ఆకుపచ్చ విషయమున మాత్రము టావెర్నియే పూర్తిగా పొరబడలేదు. చుట్టునున్న రాతిలో, నీటిలో యురేనియము ఉన్నచో దాని కిరణముల వలన వజ్రపు పైపొర పచ్చబారవచ్చును.

అట్లయిన గనికిని వజ్రమునకును సంబంధమే లేదా? కలదు. అయితే అది పుట్టుకకు సంబంధించినది కాదు, ప్రయాణమునకు సంబంధించినది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో సుమారు 110 కోట్ల సంవత్సరముల నాటి కింబర్లైటు గొట్టములు కలవు. లోతు నుండి వజ్రములను పైకి మోసికొనివచ్చిన అగ్నిశిల ఇదియే. ఇది మొదటి మజిలీ. ఇట్టి శిలలు వానకు కరగి, వాటిలోని వజ్రములు గులకరాళ్ళతో కలిసి మరల బండగా గట్టిపడిన చోటు రెండవ మజిలీ. బనగానపల్లె గులకబండ అట్టిది. నదులు ఇంకను మోసికొనివచ్చి కంకరలో వదలినది మూడవ మజిలీ. కొల్లూరు, పరిటాల అట్టివి. నది దొర్లించునప్పుడు బీటలున్న రాయి పగిలి పోవును, గట్టిది నిలుచును. ఆఫ్రికాలోని నమీబియా సముద్రతీరపు వజ్రములలో అధికభాగము నగలకు పనికివచ్చుటకు కారణమిదియే. కొల్లూరు రాళ్ళ కీర్తిలో కృష్ణమ్మ జల్లెడకు కూడ పాలు కలదని చెప్పవచ్చును.

మరి గోలకొండ మాట? గోలకొండ కోటలో వజ్రపు గని ఎన్నడును లేదు. అది రాజ్యపు పేరు, సంతపేరు. చుట్టునున్న గనుల రాళ్ళు కోటకును, దాని చెంతనున్న కార్వానుకును చేరి, అక్కడ బేరమై లోకమునకు పోయినవి. 1720 ప్రాంతమున బ్రెజిలులో వజ్రములు బయటపడువరకు ప్రపంచపు వజ్రములు దాదాపుగా మన దేశమునుండియే పోయినవి. ఈ పేరు ఎంత తికమక పెట్టునో చెప్పుటకు ఒక్క నిదర్శనము చాలును. నిజాము నగలలో ప్రసిద్ధమైన జాకబ్ వజ్రము 184.75 క్యారెట్లది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1891లో బేరమాడినది. ఏడవ నిజాము దానిని కాగితములు ఎగిరిపోకుండ పెట్టుకొనినాడు. 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొన్న నగలలో అదియు ఒకటి. గోలకొండను ఏలిన నగరములోని ఆ పెద్ద వజ్రము దక్షిణాఫ్రికాది!

గోలకొండ రాయి అని నేడు వర్తకులు చెప్పునపుడు, నత్రజని దాదాపు లేని, మంచినీటి వంటి తెల్లదనము గల రాయి అని వారి భావము. శాస్త్రజ్ఞులు దీనిని రెండవ తరగతి "ఏ" రకమందురు. మొత్తము వజ్రములలో ఇవి నూటికి రెండైనను ఉండవు. కోహినూరు ఆ రకమే. కాని 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల కల్లినన్ కూడ ఆ రకమే. ఇటువంటి పెద్ద రాళ్ళలో కొన్ని 360 కిలోమీటర్లకు మించిన లోతున పుట్టినవని 2016లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. మరియొక చిత్రము: నేడు సూరతు యంత్రశాలలలో వాయువు నుండి కొలది వారములలో పెంచు వజ్రములు కూడ సాధారణముగా ఆ రకమునకే చెందును. కాబట్టి రకము తెలిసినంత మాత్రమున ఊరు తెలియదు. యంత్రశాలలో పెరిగినదా, భూమిలో పుట్టినదా అన్నది మాత్రము మంచి పరీక్షాశాలలోని పరికరములు చెప్పగలవు.

నాగారం సోదరికి మా సమాధానమిది. రాతిని చూచి గని చెప్పుట సాధ్యము కాదు; పాత పత్రమో, అమ్మిన చిట్టాయో ఉన్ననే చెప్పవలెను. లేనిదానికి చింతింపనక్కరలేదు. రాతి బరువు, రంగు, నిర్మలత, చెక్కిన తీరు, అది సహజమైనదని పరీక్షాశాల ఇచ్చు పత్రము, ఈ అయిదింటిని బట్టి ధర అడుగుడు. పేరు లేదని ధర తగ్గించువానిని, పేరు చెప్పి ధర పెంచువానిని ఒకే ప్రశ్న అడుగవలెను: పత్రమేది?

కొల్లూరు గనులు నేడు పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నవి. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలములలో పేదజనము నేడును తలవంచి వజ్రములకై వెదకుచున్నారు. రామళ్ళకోట గనిలో పనిలో ఆరితేరిన మనిషికి ఏడాదికి మూడు వరహాలు ముట్టినవని టావెర్నియే వ్రాసినాడు. రాతికి పేరు పెట్టినవారు వేరు, దానిని మట్టినుండి ఏరినవారు వేరు. నాయనమ్మగారి ముక్కుపుడకను అమ్మినను, ఉంచుకొన్నను, ఈ సంగతిని కూడ ఆ పిల్లకు చెప్పుడని ఆ సోదరికి మా మనవి.