'సర్వీసు' అనే మాట

వార్డులో రోగి దగ్గర ఉండే బంధువుల నోట తరచుగా వినిపించే మాట సర్వీసు. "ఇక్కడ సర్వీసు బాగుందండీ" అంటారు. కాస్త ఆలస్యమైతే "ఏం సర్వీసో!" అనీ అంటారు. బస్సులకు సర్వీసులున్నాయి. బండిని సర్వీసింగుకు ఇస్తాం. రిటైరైన మాస్టారు తన 30 ఏళ్ల సర్వీసు గురించి చెబుతారు. టెన్నిస్‌లో ఆట మొదలుపెట్టే దెబ్బ కూడా సర్వీసే. చర్చిలో జరిగే ఆరాధననూ సర్వీసు అనే అంటారు.

ఇన్ని చోట్ల తిరిగే ఈ మాట పుట్టుక మాత్రం అంత గొప్పది కాదు. లాటిన్ భాషలో 'సెర్వుస్' అంటే బానిస, 'సెర్విటియుం' అంటే బానిసత్వం. అది ఫ్రెంచి భాషలోకి వెళ్లి, అక్కడినుండి ఇంగ్లీషులోకి వచ్చింది. 1066లో ఫ్రాన్సునుండి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఇలాంటి మాటలు ఇంగ్లీషులో చాలా చేరాయి. సర్వెంటు, సర్వరు, చివరకు పోలీసు సార్జెంటు కూడా ఈ కుటుంబంలోనివే. బానిస చేసే పని క్రమంగా ఒకరికోసం ఇష్టంతో చేసే పని అయింది.

మన తెలుగులో దీనికి ఒక్క మాట కాదు, చాలా ఉన్నాయి. ఊడిగం ఉంది, సేవ ఉంది. చాకిరి ఉంది, ఇది పారసీకంలో సేవకుడు అనే అర్థమిచ్చే 'చాకర్' నుండి వచ్చింది. పరిచర్య సంస్కృతం. 'పరి' అంటే చుట్టూ, 'చర్య' అంటే మెలగడం. అంటే రోగి మంచం చుట్టూ తిరుగుతూ కావలసినవి చూడడం. ఆస్పత్రికి ఇంతకంటే సరిపోయే మాట లేదని మాకు అనిపిస్తుంది.

పని ఒకటే అయినా, ఏ మాటతో పిలుస్తామో మంచంమీది మనిషి వింటూనే ఉంటారు. రాత్రంతా నిద్రలేని కోడలు విసుగులో "ఈ చాకిరి ఇంకెన్నాళ్లో" అంటుంది. ఆమెను తప్పుపట్టలేం. కానీ ఆ మాట విన్న అత్తగారు ఏం చేస్తారో తెలుసా? మాటిమాటికీ బెడ్‌పాన్ అడగాల్సి వస్తుందని మంచినీళ్లు తాగడం తగ్గించేస్తారు. దానితో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షను రావచ్చు. మూత్రం ముదురు రంగులో, కొద్దికొద్దిగా వస్తుంటే "నీళ్లు ఎందుకు తాగడం లేదు?" అని నెమ్మదిగా అడగండి. (గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి మాత్రం డాక్టరుగారు చెప్పిన కొలత ప్రకారమే ఇవ్వాలి.)

ఒక్కరే రాత్రింబగళ్లు ఉండవద్దు. కొడుకులు, అల్లుళ్లు కూడా వంతు తీసుకోవాలి. ఇది ఆడవారి పని అని ఎక్కడా రాసి లేదు. కదలలేని రోగిని సాధారణంగా 2 గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ఎలా తిప్పాలో డ్యూటీలో ఉన్న సిస్టరును అడిగితే చేసి చూపిస్తారు. తిప్పినప్పుడల్లా మడమలు, తుంటి, నడుము కింది భాగం చూడండి. ఎర్రబడినచోట వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే. వెంటనే సిస్టరుకు చెప్పండి.