వెంట్రుక ఊడని తోలు

తోళ్ల ఫ్యాక్టరీలో వెంట్రుక ఊడాలనే తోలును సున్నపు నీళ్లలో నానవేస్తారు. మ్యూజియంలో నిలబెట్టే జంతువుకు ఆ వెంట్రుకే ప్రాణం గదా!

మా గిద్దలూరు ఎండల్లో పొద్దున ఒలిచిన మేకతోలును చుట్టి మూల పడేస్తే సాయంత్రానికి వాసన పట్టి, లాగితే బొచ్చు పిడికెడు చేతికొస్తుంది. కారణం బాక్టీరియా. వాటి ఎంజైములు పైచర్మానికీ లోచర్మానికీ మధ్యనున్న పట్టును కరిగిస్తాయి. వెంట్రుక కుదురు వదులవుతుంది. ఆ తరువాత ఏ మందు పోసినా లాభం లేదు.

అందుకే ఒలిచిన వెంటనే కొవ్వు, మాంసపు పీలికలు గీకేసి, లోపలివైపు మెత్తటి ఉప్పు దండిగా రుద్దాలి. తోలు బరువులో సగమైనా పడుతుంది. పిసినారితనం ఇక్కడ పనికిరాదు. చెవులు, పెదవులు విప్పి వాటి లోపలా పట్టించాలి. అవే ముందు పాడయ్యేవి. వాలుగా పరిస్తే ఊట కారిపోతుంది. మరునాడు దులిపి మళ్లీ కొత్త ఉప్పు. ఎండలో వేస్తే త్వరగా ఆరుతుందనుకుంటారు గానీ, పైన బిగుసుకుపోయి లోపల కుళ్లుతుంది.

తరువాత ఆమ్లపు తొట్టి. అందులోనూ ఉప్పుండాలి, లేకుంటే తోలు ఉబ్బిపోతుంది. చివరికి పటికో, మన తంగేడు చెక్కో. తంగేడు రంగు పట్టిస్తుంది గనుక తెల్లతోలుకు పటికే మేలు.

ప్రయోగానికి మేకతోలు చాలు. నల్లమలలో చచ్చిపడిన దుప్పి కంటబడినా ముట్టుకోబాకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా ఆ తోలు దగ్గర పెట్టుకోవడమే నేరం.