కన్ను, చెంప, రిబ్

ఎన్.సి.సి.లో పాయింట్ టూటూ రైఫిలు కాల్చి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. షాట్‌గన్ ఏపాటిదిలే అనుకున్నాను. తీరా రేంజికి వెళితే, గాల్లోకి విసిరిన 25 క్లే పళ్లేల్లో నాలుగే పగిలాయి. శిక్షకుడు తుపాకీని కాదు, నా చెంపను చూశాడు. “తల లేస్తోందయ్యా, గుళ్లన్నీ పైనుంచి పోతున్నాయి” అన్నాడు.

రైఫిలుకు ముందొక గురి, వెనకొక గురి ఉంటాయి. షాట్‌గన్‌కు సాధారణంగా గొట్టం చివర చిన్న పూస తప్ప వెనక గురి ఉండదు. ఆ పని చేసేది మన కన్నే! కన్ను ఎంత ఎత్తున నిలవాలో నిర్ణయించేది చెంప ఆనే చెక్క. కంటికీ పూసకూ మధ్య దారిచూపే పట్టీయే రిబ్. అందుచేత రిబ్ ఎత్తు మారితే చెక్క ఎత్తూ మారాలి. నాకిచ్చిన తుపాకీకి రిబ్ ఎత్తు, చెక్క పల్లం. పూస కనపడాలంటే తల ఎత్తక తప్పలేదు.

ఇందులో లెక్క కూడా ఉంది. ఇంగ్లండులో తుపాకీని మనిషికి సరిపెట్టేవారు 16 గజాల దూరంలోని పలకమీద కాల్పిస్తారు. కంటినుంచి గొట్టం చివరికి సుమారు ఒక గజం. సరూప త్రిభుజాలు గుర్తు తెచ్చుకోండి: పలకమీద అంగుళం తేడా వస్తే చెక్కలో 1/16 అంగుళం దిద్దాలి. చెక్కలో 1/8 అంగుళం తప్పితే 40 గజాల దగ్గర 5 అంగుళాలు తప్పుతుంది.

అక్కడి పిట్టల వేటగాళ్ల జంటగొట్టాల తుపాకీలో రిబ్ రెండు గొట్టాల నడుమ లోతుగా ఒదిగి ఉంటుంది. తుపాకీ తేలిక, చూపు పిట్టమీదే నిలుస్తుంది. కిటికీల్లా ఖాళీలున్న రిబ్ వరుసగా కాల్చేటప్పుడు వేడిని త్వరగా వదులుతుంది; రోజుకు పది తూటాలు కాల్చే వేటగాడికి ఆ లాభం తక్కువ, సొట్టపడే భయం ఎక్కువ. ఎత్తు రిబ్ ట్రాప్ ఆటకు తగినది. అక్కడ పళ్లెం పైకే లేస్తుంది కనుక, గుళ్లు కాస్త పైకి పోవడమే మేలు. అదే తుపాకీతో నేలబారుగా పోయే పిట్టను కొడితే గుళ్ల గుంపు అంచు మాత్రమే తగలవచ్చు. పిట్ట అప్పుడే చావదు. ఏ పొదలోనో పడి గంటల తరబడి బాధపడుతుంది. కొలత తప్పినందుకు శిక్ష వేటగాడికి కాదు, పిట్టకు!

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణ పిట్టల వేటకు తలుపు మూశాయి. మనకు మిగిలింది క్లే పళ్లేలే. నా చెక్కకు శిక్షకుడు తోలుపట్టీ చుట్టి ఎత్తు పెంచాడు. ఆ సాయంత్రం పదకొండు పగిలాయి. తుపాకీ అదే, రిబ్ అదే. చెంపకు చోటు దొరికిందంతే.