ఆర్మూరు జ్ఞాపకదినములు

ప్రతి గృహమునందును కొన్ని తేదీలు పంచాంగముతో పనిలేకయే గుర్తుండును. మామగారి ఆబ్దికము, చంటివాని పుట్టినదినము, పెద్దమ్మాయి పెండ్లి ముహూర్తము, వీనిని ఇల్లాలు మరచుట యుండదు. ఊరి సంగతి యట్లు గాదు. ఊరిలో ఏనాడు ఏమి జరిగెనో చెప్పుమన్నచో మనలో పెక్కుమంది శిలాఫలకమువైపు చూతుము. అది లేనిచో ఊరకుందుము. పసుపునకు పేరొందిన నిజామాబాదు జిల్లా ఆర్మూరు పట్టణమును గూర్చి యీ దృష్టితో ఆలోచింపగా మాకు తోచిన సంగతులను సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

హైదరాబాదునుండి నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాలవైపు పోవు 63వ రహదారియు ఆర్మూరువద్ద కలిసికొనును. ఊరి ప్రక్కనే, బండలను ఒకదానిపై నొకటి ఎవరో పేర్చిపోయినట్లుండు సిద్ధులగుట్ట గలదు. నవనాథసిద్ధులు అచట తపము చేసిరని ప్రతీతి. ఆరును మూడును కలిసిన తొమ్మిది గనుక ఆ సిద్ధుల పేరనే ఊరు ఆర్మూరైనదని పెద్దలు చెప్పుదురు. ఇట్టి కథను తేదీ యడుగరాదు, విని సంతోషింపవలెను. తేదీ గలవానినే యిక చూతము.

1963వ సంవత్సరము జూలై 26వ తేదీన, ఆర్మూరునకు ఉత్తరమున గోదావరిపై, పోచంపాడువద్ద జవహర్‌లాల్ నెహ్రూ పండితుడు ఆనకట్టకు పునాదిరాయి వేసెను. పది మాసములకే, 1964 మే 27న, ఆయన కాలధర్మము నొందెను. నీరు నిలిచిన జలాశయమును చూడనేలేదు. శ్రీరామసాగరమని నేడు మనము పిలుచునది యదియే. ఈ దినమును పత్రికలు అప్పుడప్పుడు తలచుచునే యున్నవి. అయితే జలాశయములో మునిగిన యూళ్లవారికి మరియొక దినము గలదు. ఇల్లు ఖాళీచేసి, తులసికోటను, నీళ్లు చేదిన బావిని, బొడ్రాయిని విడిచి బండి యెక్కిన దినమది. ఆ దినము ఒక్కొక్క యూరికి ఒక్కొక్కటి. దానికి రాయి లేదు. పునాది వేసిన నాడు పదేండ్ల బాలికగా నున్నయామెకు ఇప్పుడు డెబ్బది దాటినవి. ఆమె చెప్పగలిగినదానిని ఆమె యుండగనే వినవలెను గదా.

స్త్రీలమైన మనము తప్పక తెలిసికొనవలసిన సంవత్సరము 1937. ఆ యేట, ఆర్మూరునకు సుమారు 25 కిలోమీటరుల దూరముననున్న నిజామాబాదునందు నైజామాంధ్ర మహాసభ ఆరవ సమావేశము జరిగెను. 'రయ్యత్' పత్రికను నడపిన మందుముల నరసింగరావుగారు అధ్యక్షులు. ఆ సభతోపాటు ఆంధ్ర మహిళాసభయు జరిగెను; దానికి నందగిరి ఇందిరాదేవిగారు అధ్యక్షత వహించిరి. ఈ మహిళాసభలు 1930లో జోగిపేటయందు, నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మొదలైనవి. పిమ్మట దేవరకొండ, ఖమ్మము, సిరిసిల్ల, షాదునగరు అను క్రమమున సాగి నిజామాబాదునకు వచ్చినవి. తెలుగున చదువుకొన బాలికలకు పాఠశాలలు అరుదైన రాజ్యమది; ఘోషా పాటించు కుటుంబములు అనేకములు. అట్టిచోట ఒక స్త్రీ వేదిక నెక్కి సభను నడపుటయే ఒక సాహసము. పురుషుల సభను చరిత్రపుస్తకములు పుటలకొలది వర్ణించును. స్త్రీల సభకు అధ్యక్షురాలి పేరుతో ఒక పంక్తి దక్కిన గొప్ప. ఆ సభకు జిల్లాలో ఎవరైనను జ్ఞాపకోత్సవము జరుపుచున్నారని మేము వినలేదు. 2037లో దానికి నూరేండ్లు నిండును.

వ్రాసియుంచిన మాటకు గల బలమెట్టిదో పసుపే మనకు నేర్పినది. గాయమునకు పసుపు అద్దుట మన అవ్వలకు క్రొత్త గాదు. అయినను 1995లో అమెరికాయందు, మిసిసిపీ విశ్వవిద్యాలయమునకు సంబంధించిన యిరువురు శాస్త్రజ్ఞులకు ఆ గుణముపైననే పేటెంటు లభించెను! మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని ఎదిరించెను. అవ్వ చెప్పినదని వాదించిన చెల్లదు. అచ్చైన ఆధారము చూపవలెను. సంస్కృత గ్రంథములు మొదలుకొని 1953లో భారతీయ వైద్యపత్రికలో వెలువడిన వ్యాసమువరకు వెదకి యొప్పగింపగా, 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. ఆర్మూరు ప్రాంతపు కల్లములలో పసుపు వంపు ప్రతి స్త్రీకిని ఈ కథ తెలియవలెనని మా కోరిక.

ఆ పని సామాన్యమైనది గాదు. తొలకరికి నాటిన పైరు ఎనిమిది తొమ్మిది మాసములు భూమిలో నుండును. త్రవ్విన పిమ్మట మండనుండి కొమ్ము విరుచుట, ఉడికించుట, ఎండబోయుట, వానమబ్బు కానవచ్చిన పరుగెత్తి కుప్పజేసి కప్పుట, ఏరుట. ఇందు స్త్రీల చేయి లేని ఘట్టమేది? ఇంత చేసి అమ్మబోవగా ధర లేకున్న ఆ కడుపుమంట వేరుగా చెప్పనక్కరలేదు. 2019 ఫిబ్రవరిలో రైతులు ఆర్మూరువద్ద రహదారులపై బైఠాయించిరి. పసుపు క్వింటాలునకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నలకు 3,500 రూపాయలు కావలెననియు, పసుపునకు ప్రత్యేక బోర్డు నెలకొల్పవలెననియు వారు కోరిరి. కోరిక తీరకపోగా లోక్‌సభ యెన్నికలో తామే అభ్యర్థులుగా నిలిచిరి. నిజామాబాదు స్థానమునకు మొత్తము 185 మంది పోటీచేయగా, వారిలో 170 మందికి పైగా రైతులే. ఏప్రిల్ 11న ఒక్కొక్క పోలింగు కేంద్రమునందు పండ్రెండేసి వోటుయంత్రములను వరుసగా అమర్చవలసివచ్చెను. వోటు వేయుటకంటె గుర్తును వెదకుటయే కష్టమైన దినమది! ఎవరు గెలిచి రెవరోడిరన్నది మనకిచట ప్రసక్తము గాదు. పంట చేతబట్టుకొని దేశమంతటి దృష్టిని తమవైపు త్రిప్పుకొనిన దినముగా దానిని ఆర్మూరు తలచుకొనదగును.

జాతీయ పసుపు బోర్డు స్థాపనము 2023 అక్టోబరులో ప్రకటింపబడి, 2025 జనవరి 14న, సరిగా సంక్రాంతినాడే, ఆరంభమయ్యెను. దాని ప్రధాన కార్యాలయము నిజామాబాదు. ఈ తేదీని గుర్తుంచుకొనుట కష్టము గాదు. గడపకు పసుపు పూయు పండుగ యది. రైలుబండి సంగతియు చేర్చవలెను: పెద్దపల్లి, నిజామాబాదుల నడుమ దారి పూర్తియై 2017లో బండ్లు నడవసాగినవి, ఆర్మూరును ఆ దారిలో నొక స్టేషను.

ఈ దినములన్నింటికిని ఉత్సవములు చేయుమని మేము చెప్పుటలేదు. పందిళ్లకును పూలదండలకును మనకు కొదువ లేదు. ఒక నోటుపుస్తకము చాలును. ప్రాజెక్టు కట్టిన నాటి ముచ్చట్లు, ధర పడిపోయిన యేడు ఇల్లు గడచిన తీరు, యంత్రములు రాకమున్ను కడాయిలలో పసుపు ఉడికించిన విధము, తన అమ్మమ్మ నిజామాబాదు సభకు పోయినదా అను ప్రశ్నకు దొరికిన సమాధానము, ఇవి చెప్పినవారి పేరుతోను వ్రాసిన తేదీతోను అందు చేరవలెను. చదువుకొను మనుమరాలు వ్రాయును, అవ్వ చెప్పును. పసుపు త్రవ్వుకాలము గడచి కల్లములు ఊడ్చిన పిమ్మట వేసవి మధ్యాహ్నములందు కొంత తీరిక దొరకును. మొదట ఏ యింటి యవ్వ నడుగవలెనో ఆ వాడలోని స్త్రీలకే తెలియును.