కిచెన్ టిప్స్: పండు ఈగలు పోయినట్టే పోయి మళ్లీ వస్తున్నాయా? అసలు కారణం ఇదే..

మామిడి పండ్ల సీజన్ వచ్చిందంటే చాలు.. ఇంట్లో పిల్లల కంటే ముందు పండ్ల బుట్ట దగ్గరకు చేరేవి ఇవే. నువ్వు గింజంత ఉంటాయి. చేత్తో తోలితే లేస్తాయి, మరుక్షణమే వచ్చి వాలతాయి. కొందరు చిన్న ఈగలు అంటారు, కొందరు నుసుములు అంటారు. బుట్ట ఖాళీ చేస్తారు, స్ప్రే కొడతారు, ఫోన్‌లో చూసిన వెనిగర్ చిట్కా కూడా ట్రై చేస్తారు. రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది. వారం తిరిగేసరికి మళ్లీ అదే గుంపు! ఎందుకిలా?

కారణం సింపుల్. చాలామంది ఎగిరే ఈగలనే చంపుతున్నారు. గుడ్లు పెట్టిన చోటు మాత్రం అలాగే ఉంటోంది.

పది రోజుల్లో కొత్త గుంపు

వంటింట్లో కనిపించే ఈ ఈగ పేరు డ్రోసోఫిలా మెలనోగాస్టర్. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. దగ్గరగా చూస్తే కళ్లు ఎర్రగా ఉంటాయి. బాగా మగ్గి పులిసే పండు వాసన దీన్ని లాగుతుంది. కల్లు కుండల చుట్టూ ఇలాంటివి ముసిరేది కూడా ఈ పులిసిన వాసనకే.

25 డిగ్రీల వేడిలో దీని గుడ్డు ఈగగా మారడానికి దాదాపు 10 రోజులు చాలు. గుడ్డు ఒక్క రోజులోనే పగులుతుంది. అందులోంచి వచ్చిన పురుగు నాలుగైదు రోజులు కుళ్లిన గుజ్జు తిని పెరుగుతుంది. తర్వాత తడి లేని చోటుకు పాకి గూడు కట్టుకుంటుంది. డస్ట్‌బిన్ గోడకో, బుట్ట అంచుకో అంటుకుని కనిపించే గోధుమ రంగు గింజల్లాంటివి ఈ గూళ్లే. మరో నాలుగైదు రోజులకు అందులోంచి కొత్త ఈగ బయటకు వస్తుంది. ఒక్క ఆడ ఈగ తన జీవితంలో 400 వరకు గుడ్లు పెట్టగలదు. అంటే ఈ రోజు కనిపించిన ఈగలన్నీ చచ్చినా, గూళ్లలో ఉన్నవి వచ్చే వారం లేస్తాయన్నమాట.

ఇంత వేగంగా పెరుగుతుంది కాబట్టే శాస్త్రవేత్తలకు ఇది ఇష్టమైన ఈగ అయింది. దీనిపై ప్రయోగాలు చేసిన థామస్ హంట్ మోర్గాన్‌కు 1933లో నోబెల్ బహుమతి వచ్చింది. ల్యాబ్‌లో ప్లస్ అయిన ఆ వేగమే వంటింట్లో తలనొప్పి!

మామిడి కాయలో పురుగు దీనిదేనా?

కాదు. మామిడి పండు కోస్తే లోపల కనిపించే తెల్ల పురుగు వేరే ఈగది. రైతులు పండు ఈగ అని పిలిచేది దాన్నే. అది చెట్టు మీదున్న కాయ తొక్కలోకే గుడ్లు పొడుస్తుంది. తోటల్లో వేలాడదీసే మిథైల్ యూజినాల్ ఎరలు ఆ మగ ఈగల కోసం. వాటిని కొని తెచ్చి వంటింట్లో పెట్టినా ఈ చిన్న ఈగలు పట్టించుకోవు. డబ్బులు వేస్ట్.

ముందు ఈ చోట్లు వెతకండి

పండ్ల బుట్ట ఒక్కటే చూసి ఆగొద్దు. ఈ ఈగకు కాస్త తడి, కాస్త కుళ్లు ఉంటే సరిపోతుంది.

- ఉల్లిపాయలు, బంగాళాదుంపల బుట్ట: అడుగున ఒక్కటి కుళ్లినా చాలు. మొత్తం కింద పోసి చూడండి.
- తడి చెత్త డబ్బా: కవర్ మార్చినా డబ్బా అడుగున కారిన నీళ్లు అలాగే ఉంటాయి. కడిగి ఎండలో పెట్టండి. మామిడి టెంకలు, తొక్కలు రాత్రంతా ఇంట్లో ఉంచొద్దు. చెత్త బండి రాని రోజు మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయండి.
- సింక్ జాలీ, గొట్టం అంచు: జిగురుగా పేరుకున్న పొరలోనూ గుడ్లు పెడతాయి.
- గిన్నెలు తోమే పీచు, గట్టు తుడిచే గుడ్డ, తడి మాప్: వాడాక పిండి ఆరేయండి.
- ఖాళీ కూల్‌డ్రింక్, జ్యూస్ సీసాలు: అడుగున మిగిలిన చుక్క కూడా వీటికి విందే. కడిగాకే పక్కన పెట్టండి.
- ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే, బాల్కనీలోని కంపోస్ట్ డబ్బా.

సింక్‌లోంచే వస్తున్నాయేమో అని డౌట్ ఉంటే ఓ చిన్న టెస్ట్. రాత్రి పడుకునే ముందు రంధ్రం మీద టేప్‌ను జిగురు వైపు కిందకు ఉండేలా, కాస్త గాలి ఆడేలా అంటించండి. పొద్దున ఈగలు అంటుకుని ఉంటే దొరికినట్టే.

ట్రాప్ ఎలా పెట్టాలి?

చిన్న గాజు గ్లాసులో మూడు నాలుగు చెంచాల వెనిగర్ పోయండి. మన దగ్గర దొరికే తెల్ల వెనిగర్ ఒక్కటే అంతగా లాగదు. అందుకే బాగా మగ్గిన అరటిపండు ముక్క కలపండి. చివర్లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి నెమ్మదిగా కలపండి. ఆ సబ్బు వల్ల ఈగ నీటి మీద నిలబడలేక మునిగిపోతుంది. ఈగలు ఎక్కువగా ఉన్న చోట గ్లాసు పెట్టండి.

ఒక్క జాగ్రత్త. రెండు రోజులకోసారి పారబోసి కొత్తది పెట్టాలి. వారాల తరబడి వదిలేస్తే గ్లాసు అంచున ఎండిన పండు ముక్క మీదే గుడ్లు పెట్టే చాన్స్ ఉంది.

ఈ పొరపాటు అస్సలు చేయొద్దు

చిరాకులో కొందరు సింక్‌లో చేతికి దొరికిందల్లా పోసేస్తారు. ఇక్కడే అసలు ప్రమాదం. బ్లీచింగ్ పౌడర్ లేదా బ్లీచ్ లిక్విడ్ వేసిన చోట వెనిగర్, యాసిడ్, టాయిలెట్ క్లీనర్ పోయకూడదు. అవి కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, ఊపిరి ఆడదు. కిటికీలు మూసి ఉన్న చిన్న వంటగదిలో అయితే ప్రాణాల మీదకు రావచ్చు. పొరపాటున అలా జరిగితే శుభ్రం చేస్తూ అక్కడే నిలబడొద్దు. వెంటనే పిల్లలు, పెద్దవాళ్లతో సహా గాలి ఆడే చోటుకు వచ్చేయండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పురుగుల స్ప్రే కూడా పండ్లు, గిన్నెల దగ్గర వద్దు. ఎగిరే ఈగలు పడతాయేమో గానీ, ఆ మందు తినే వాటి మీద పడుతుంది. సింక్‌కు పాత బ్రష్, సబ్బు, వేడి నీళ్లు చాలు. ప్లాస్టిక్ పైపు ఉంటే సలసల మరిగే నీళ్లు పోయొద్దు. పైపు మెత్తబడుతుంది.

పండ్లు తినొచ్చా?

ఈ ఈగలు కుట్టవు. కానీ చెత్త మీద వాలి వచ్చి పండు మీద వాలతాయి కాబట్టి సూక్ష్మక్రిములను మోసుకొచ్చే అవకాశం ఉంది. కోసిన ముక్కలకు ఎప్పుడూ మూత పెట్టండి. పండ్లు తెచ్చిన వెంటనే కడిగి, తుడిచి ఆరబెట్టండి. బాగా పండినవి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ చల్లదనంలో గుడ్లు ఈగలుగా ఎదగలేవు. చితికినవి, కుళ్లినవి మాత్రం మొహమాటం లేకుండా పారేయండి.

ఇదంతా ఒక్క రోజు చేసి వదిలేస్తే లాభం లేదు. గూళ్లలో ఉన్నవి కూడా బయటకు వచ్చి ట్రాప్‌లో పడే వరకు, అంటే కనీసం 10 రోజులు, రోజూ పాటించాలి. మధ్యలో ఒకటో రెండో కనిపించినా కంగారు పడక్కర్లేదు. కొత్తగా గుడ్లు పెట్టే చోటు దొరకకపోతే ఆ గుంపు అక్కడితో ఆగిపోతుంది.